ఎవరి ఫోనుకి, ఎవరి చేతికి?

ఈ సంచికకి ఏదైనా రాయమని క్లబ్బులో అడిగినప్పుడు నేను అనుకున్న వ్యాసం వేరు. "నగదు లేని రోజులొచ్చాయి" అని హెడ్డింగ్ కూడా పెట్టేసుకున్నాను. డిబేట్లలో నేను ఎప్పుడూ ఆ పక్షమే. కంప్యూటర్ సైన్స్ చదువుతూ నోట్ల కట్టల్ని వెనకేసుకొస్తే బాగోదు కదా! నా పర్సులో రెండేళ్ళుగా నోట్లు ఉండవు. ఒక డెబిట్ కార్డు, బస్ పాసు, ఎప్పటిదో ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో, అంతే. కానీ పోయిన మే నెలలో మా తోటలో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఆ హెడ్డింగ్ కొట్టేయాల్సి వచ్చింది.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. "లావాదేవీ" అనే మాటలో దీర్ఘాలు ఎక్కడొస్తాయో అమ్మకి ఫోన్ చేసి అడిగి రాశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. మూడున్నర ఎకరాల మామిడి తోట. ఎక్కువ బంగినపల్లి, కొన్ని చిన్న రసాలు, గట్టు వెంబడి నాలుగు కలెక్టర్ చెట్లు. కొన్నేళ్ళు పూత మీదే గుత్తకి ఇచ్చేస్తాం, కొన్నేళ్ళు మేమే కోయిస్తాం. 2025లో మేమే కోయించాం. మగవాళ్ళు గెడకి చిక్కం కట్టి కాయ దింపుతారు. ఆడవాళ్ళు తొడిమలు సరిచేసి, సొన కారిపోయాక మచ్చ కాయ, దెబ్బ కాయ ఏరేసి, మంచి కాయని ట్రేలలో సర్దుతారు. నేను సెలవులకి వచ్చి చెట్టు కింద మంచమేసుకుని కూర్చుని లెక్క రాసేదాన్ని.

వారం తిరిగాక కూలి డబ్బులు ఇవ్వాలి. నాన్న మార్కెట్ నుంచి ఫోన్ చేసి, "నీ ఫోన్లో వేశాను, నువ్వే అందరికీ పంపెయ్. నీకు ఇవి బాగా వచ్చు కదా" అన్నాడు. ఎనిమిది మంది. నాకు రెండు నిమిషాల పని. ఏడుగురికి టకటకా పంపేశాను. చివర్లో ఒక మామ్మ మిగిలింది. అరవై దాటి ఉంటాయి. మా ఊళ్ళోనే ఉంటుంది, నా చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నాకు చేతికియ్యి పాపా" అంది.

"ఇప్పుడు క్యాష్ లేదు మామ్మా. మీ అబ్బాయి నంబరు చెప్పు, ఇప్పుడే పడిపోతాయి."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నంబరు చెప్పింది. ఆరు రోజులు, రోజుకి 400 చొప్పున 2,400 రూపాయలు. ఆకుపచ్చ టిక్కు వచ్చింది, ఫోను తిప్పి చూపించాను కూడా. ఆవిడ అటు చూసి తలూపి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పనికి వచ్చి, నెమ్మదిగా పక్కకి పిలిచి, "రెండొందలుంటే ఇయ్యి పాపా, బీపీ బిళ్ళలు అయిపోయినయ్" అంది.

నాకు నిజంగానే అర్థం కాలేదు. "నిన్న పంపాను కదా మామ్మా?"

"నువ్వు పంపింది ఆడికి పాపా. నాకు కాదు" అంది. కోపంగా అనలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు అంది.

ఆ మాట తర్వాత నేను నా ఫోన్లో ఆ లావాదేవీ మళ్ళీ తీసి చూసుకున్నాను. సక్సెస్‌ఫుల్. టైము, తారీఖు, రిఫరెన్స్ నంబరు అన్నీ ఉన్నాయి. సిస్టమ్‌లో ఎక్కడా బగ్ లేదు. రిక్వైర్‌మెంటే నేను తప్పు రాసుకున్నాను. "2,400 పంపాలి" అని రాసుకున్నాను కానీ "ఆవిడకి అందాలి" అని రాసుకోలేదు.

ఆవిడ కొడుకు చెడ్డవాడని నేను అనడం లేదు. అతనికి ఏ అప్పుందో, ఏ ఫైనాన్స్ వాయిదా ఉందో నాకు తెలీదు. నేను చెప్పేది ఒక్కటే. ఆరు రోజులు ఎండలో కష్టపడిన డబ్బుని ఎలా ఖర్చు పెట్టాలో ఆవిడ నిర్ణయించుకోవాలి. ఆ అవకాశం నేను రెండు నిమిషాల్లో ఆవిడ చేతిలోంచి తీసి ఇంకొకరి ఫోన్లో పెట్టేశాను. నాకు సుఖంగా ఉందని.

ఈ సంగతి ఇంట్లో చెప్తే అమ్మ, "మీ అమ్మమ్మకీ ఇదే అయింది కదే" అంది. 2016 నవంబరు 8 రాత్రి. నేనప్పుడు ఐదో క్లాసు. 500, 1,000 నోట్లు చెల్లవని టీవీలో చెప్పారు. విలువ లెక్కన చూస్తే దేశంలో తిరిగే డబ్బులో సుమారు 86 శాతం ఆ రెండు నోట్లే. పాత నోట్లు బ్యాంకులో వేసుకోవడానికి డిసెంబరు 30 వరకు గడువిచ్చారు. నాకు గుర్తున్నదల్లా ఏటీఎం ముందు క్యూ, నాన్న విసుక్కోవడం, స్కూలు ఆటో అతను పాత నోటు వద్దనడం.

నాకు తెలియని సంగతి అమ్మ ఇప్పుడు చెప్పింది. అమ్మమ్మ పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, ట్రంకు పెట్టెలో పాత చీర మడతల్లో కలిపి పద్దెనిమిది వేలు దాచుకుందట. పాలు అమ్మినవి, పండక్కి పుట్టింటివాళ్ళు ఇచ్చినవి, తాతయ్యకి తెలియకుండా మిగిల్చినవి. ఇరవై ఏళ్ళ దాపరికం ఒక్క రాత్రిలో బయటికొచ్చేసింది. మామయ్య వాటిని తీసుకెళ్ళి తన ఖాతాలో వేశాడు. ఎవరూ కాజేయలేదు. ఇంటి ఖర్చుల్లో కలిసిపోయాయి, అంతే. కానీ ఆ తర్వాత అమ్మమ్మ మాకెవరికీ చేతిలో యాభై నోటు పెట్టలేదు. అంతకుముందు ఊరెళ్ళిన ప్రతిసారీ బస్సెక్కేముందు పెట్టేది. చిన్నప్పుడు నేను దాన్ని పిసినారితనం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇదంతా చదివి నేను నోట్ల పార్టీలోకి మారిపోయానని అనుకోకండి. మార్చడానికి వీల్లేని వాదన అవతలి వైపు కూడా ఉంది. అదీ మా తోటలోంచే చెప్తాను.

నాన్న చిన్నతనంలో, ఆ మాటకొస్తే నా చిన్నతనంలో కూడా, కాయ మార్కెట్‌కి తోలితే చేతికొచ్చేది ఒక పట్టీ. అంటే ఒక చీటీ. దాని మీద ఎన్ని కిలోలు, ఏ రేటు, తరుగు ఎంత, కమిషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి మీకెంత అని పెన్నుతో రాసి ఉంటుంది. డబ్బు మాత్రం సగం ఇప్పుడు, సగం "వచ్చే వారం". ఆ వచ్చే వారం ఒక్కోసారి శ్రావణ మాసం దాకా వచ్చేది కాదు. ఒక ఏడాది ఆ చీటీ చొక్కా జేబులో ఉండిపోయి చాకిరేవుకి వెళ్ళింది. వ్యాపారి "ఇచ్చేశాను కదండీ" అన్నాడు. నాన్న "ఇవ్వలేదండీ" అన్నాడు. సాక్ష్యం ఎవరు? నోటు నోరు విప్పదు. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో దానికి గుర్తుండదు. నలభై వేల దగ్గర మొదలైన గొడవ పెద్దమనుషులు కూర్చుని పాతిక దగ్గర తెంపారు.

ఇప్పుడు నాన్న "నాకు బ్యాంకులోనే వెయ్యండి" అంటాడు. ఎంత పడిందో, ఎప్పుడు పడిందో ఫోన్లో ఉంటుంది. ఎంత రావాలో తేలిగ్గా తెలుస్తుంది. రైతుకి ఇంతకంటే గట్టి ఆయుధం లేదు.

అలాగే విజయవాడ నుంచి నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వచ్చే రోడ్డు మీద సీజన్లో తాటాకు పందిళ్ళు చూసే ఉంటారు. పెట్టెల్లో రసాలు, గడ్డిలో మాగబెట్టిన బంగినపల్లి. హైదరాబాద్ నంబరు కార్లు ఆగుతాయి. 1,150 బేరం తెగితే ఒకప్పుడు చిల్లర కోసం పక్క పందిట్లోకి పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు గుంజకి కట్టిన క్యూఆర్ అట్ట, దాని పక్కన మాట్లాడే చిన్న స్పీకర్ డబ్బా. "వెయ్యి నూట యాభై రూపాయలు అందాయి" అని అది తెలుగులో అరిస్తే అమ్మేవాళ్ళకి ధైర్యం. ఆ డబ్బా ఎందుకొచ్చిందో తెలుసా? దొంగ స్క్రీన్‌షాట్ చూపించి కారెక్కి వెళ్ళిపోయే మనలాంటి చదువుకున్నవాళ్ళు ఉండబట్టి.

ఇక్కడ కార్డు సంగతి కూడా చెప్పాలి. నోటా, కార్డా అని ప్రపంచంలో చాలా చోట్ల వాదించుకుంటారు. మా వైపు ఆ వాదనే రాలేదు. నోటు నుంచి నేరుగా క్యూఆర్‌లోకి దూకేశాం, కార్డు మధ్యలో ఉండిపోయింది. మామిడి పందిట్లో కార్డు గీకే మిషన్ నేను ఒక్కసారి కూడా చూడలేదు. కారణం అర్థమయ్యేదే. మిషన్ కావాలి, దానికి ఛార్జింగ్ కావాలి, పైగా కార్డు మీద జరిగే అమ్మకంలో వ్యాపారి కొంత శాతం వదులుకోవాలి. క్యూఆర్ అంటే ఒక కాగితం. యూపీఐని ఎన్‌పీసీఐ 2016 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. ఆ ఏడాది చివర్లో నోట్ల రద్దు తర్వాత భీమ్ యాప్ వచ్చింది. డిజిటల్ చెల్లింపుల మీద కేంద్రం అప్పుడు వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి మన చంద్రబాబు నాయుడుగారే కన్వీనర్. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ అనే ఛార్జీ తీసేశారు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇందులో గర్వపడాల్సింది చాలా ఉంది. నేను గర్వపడతాను.

ఇంకో లెక్క కూడా చూడండి. నోట్ల రద్దుకి ముందు దేశంలో చలామణిలో ఉన్న నగదు సుమారు 18 లక్షల కోట్లు. 2025 మార్చికి అది 36 లక్షల కోట్లు దాటింది. ఫోన్ చెల్లింపులు ఇన్ని రెట్లు పెరిగినా నగదు తగ్గలేదు, రెట్టింపు అయింది. జనం పిచ్చివాళ్ళా? కాదు. రెండూ చేసే పని ఒకటి కాదని వాళ్ళకి తెలుసు.

మన సబ్జెక్టు భాషలో చెప్తాను. నోటు ఇచ్చిపుచ్చుకోవడం అటామిక్ ఆపరేషన్. అయితే పూర్తిగా అవుతుంది, లేకపోతే అసలు అవదు. సర్వర్ అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు. ఫోన్ చెల్లింపులో నా బ్యాంకు, మధ్యలో స్విచ్, అవతలి బ్యాంకు, రెండు యాప్‌లు ఉన్నాయి. ఇందులో ఏది తుమ్మినా నా ఖాతాలో డెబిట్ అవుతుంది, అక్కడ "పెండింగ్" అని తిరుగుతూ ఉంటుంది. ఆ తిరిగే గుండ్రం వైపు చూస్తూ టిఫిన్ సెంటర్ ముందు పది నిమిషాలు నిలబడని వాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. బదులుగా ఫోన్ చెల్లింపులో రికార్డు ఉంటుంది, దూరం అడ్డు కాదు, చిల్లర గొడవ లేదు. ప్రతి డిజైన్‌లోనూ ఏదో ఇస్తే ఏదో పోతుంది. ఇది మనకి మొదటి సెమిస్టర్‌లోనే చెప్తారు. డబ్బు దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు మునిగిపోయినప్పుడు మా బంధువులు మేడ మీద చిక్కుకున్నారు. కరెంటు లేదు. రెండో రోజుకి ఫోన్లన్నీ చచ్చిపోయాయి. ఖాతాలో డబ్బుంది, చేతిలో లేదు. అంతకుముందు 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టినప్పుడు కూడా కరెంటు, సిగ్నల్ లేక ఏటీఎంలు మూగబోయిన రోజులు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. నగదు వాడకం దాదాపు మర్చిపోయిన స్వీడన్ లాంటి దేశం కూడా 2024లో ఇంటింటికీ పంచిన అత్యవసర జాగ్రత్తల పుస్తకంలో కొంచెం నగదు దగ్గర ఉంచుకోమని చెప్పింది. తీర ప్రాంతంలో, ప్రతి ఏడాది తుఫాను పేరు నేర్చుకునే మనకి ఒకరు చెప్పాలా?

ఇంకొకటి ఉంది, అది రాయడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఫస్ట్ ఇయర్‌లో నాన్న నన్ను తన యూపీఐ సర్కిల్‌లో పెట్టాడు. అంటే నేను స్కాన్ చేస్తే డబ్బు నాన్న ఖాతాలోంచి వెళ్తుంది, నాన్న ఫోన్‌కి మెసేజ్ పోతుంది. ప్రేమతోనే పెట్టాడు. కానీ రాత్రి పదకొండింటికి ఎగ్ పఫ్ తింటే పదకొండుంపావుకి "ఇంకా పడుకోలేదా?" అని వాట్సాప్ వచ్చేది. నెల తిరక్కుండానే నేను ఫ్రెండ్‌కి ఫోన్ పే చేసి, తన దగ్గర నోట్లు తీసుకోవడం మొదలుపెట్టాను. చెడ్డ పనికి కాదు, ఎగ్ పఫ్‌కే! మనకి అందరికీ ఎవరికీ చెప్పక్కర్లేని చిన్న ఖర్చు ఒకటి కావాలి. పందొమ్మిదేళ్ళ నాకే అలా అనిపించినప్పుడు, జీవితమంతా కష్టపడిన మామ్మకి బీపీ బిళ్ళలో, తమలపాకులో ఎవర్నీ అడక్కుండా కొనుక్కోవాలని ఉండదా?

కాబట్టి నా వాదన ఇది. నోటు మంచిదా, ఫోన్ మంచిదా అనే ప్రశ్నే తప్పు. ఎలా ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నది అసలు ప్రశ్న. ఇప్పుడు ఎక్కువగా నిర్ణయిస్తున్నది ఇచ్చేవాళ్ళు, వాళ్ళ వీలుని బట్టి. నేను మామ్మకి ఫోన్లో పంపింది నా వీలు. వ్యాపారి నాన్నకి సగం నోట్లలో ఇచ్చింది అతని వీలు. పద్ధతులు రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. అన్యాయం మాత్రం ఒకటే. పుచ్చుకునేవాళ్ళని ఎవరూ అడగలేదు.

"పుచ్చుకునేవాళ్ళే నిర్ణయించాలి" అని రాసి, నా రూమ్‌మేట్‌కి చూపించాను. తను గబుక్కున పట్టేసింది. "అయితే రిజిస్ట్రేషన్ దగ్గర బిల్డర్ సగం బ్లాక్‌లో ఇమ్మంటే ఇచ్చేస్తావా? రసీదు లేకుండా నోట్లే తెమ్మనే ఆసుపత్రి సంగతేంటి? వాళ్ళూ పుచ్చుకునేవాళ్ళేగా?" అంది. సమాధానం చెప్పలేక ఒక రాత్రంతా ఆలోచించాను. తను చెప్పింది నిజమే. నా రూల్‌లో ఒక కండిషన్ తక్కువైంది. పుచ్చుకునేవాళ్ళు అని కాదు, ఇద్దరిలో బలం తక్కువున్నవాళ్ళు నిర్ణయించాలి. కూలికీ రైతుకీ మధ్య కూలి. రైతుకీ వ్యాపారికీ మధ్య రైతు. పేషెంటుకీ ఆసుపత్రికీ మధ్య పేషెంటు. పెద్ద సంస్థ ఏదైనా రెండూ తీసుకోవాలి, రెండిటికీ రసీదు ఇవ్వాలి. ఇలా సరిచేస్తే రూమ్‌మేట్ చెప్పిన బిల్డర్ ఈ రూల్‌లోంచి బయటికి పోతాడు.

"మరి నల్లధనం?" అంటారు. పెద్ద మొత్తాలకి చట్టం ఇప్పటికే ఉంది. 2017 ఏప్రిల్ నుంచి ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోకూడదు. దాన్ని గట్టిగా అమలు చేయండి, నేను చప్పట్లు కొడతాను. కానీ రద్దయిన పాత నోట్లలో 99 శాతం పైగా తిరిగి బ్యాంకులకి వచ్చేశాయని రిజర్వ్ బ్యాంకే తన వార్షిక నివేదికలో చెప్పింది. నల్లధనం ఎక్కడ దాక్కుందో తెలీదు కానీ, అమ్మమ్మ పోపుల డబ్బాలో మాత్రం కాదు.

రూల్ రెండో వైపు కూడా పనిచేయాలి. 2025 జులైలో బెంగళూరులో చిన్న దుకాణాల వాళ్ళకి యూపీఐ లెక్కల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వచ్చాయి. చాలామంది క్యూఆర్ అట్టలు పీకేసి "ఓన్లీ క్యాష్" అని బోర్డులు పెట్టారు. వాళ్ళలో తప్పించుకోవాలని చూసినవాళ్ళు ఉండొచ్చు, భయపడినవాళ్ళూ ఉంటారు. నాకు అర్థమైంది ఏంటంటే, రికార్డు అనేది దీపం లాంటిది. నాన్నకి దారి చూపించింది. ఇంకొకరికి, ఎవరో తమ మొహం మీద టార్చి వేసినట్టు అనిపించింది. పన్ను కట్టాల్సినవాళ్ళు కట్టాలి. కానీ ముందు వాళ్ళకి రూల్స్ వాళ్ళ భాషలో చెప్పండి, ఆ తర్వాత నోటీసు పంపండి.

ఇంత పెద్ద విషయాలు మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు మన క్లబ్బు కూడా చేసింది. మొన్న ఫెస్ట్‌లో పుస్తకాల స్టాల్ పెట్టాం గుర్తుందా? "యూపీఐ మాత్రమే" అని నేనే చార్టు మీద అందంగా రాశాను. మెస్‌లో పనిచేసే ఒకావిడ వచ్చి, పిల్లల బొమ్మల కథల పుస్తకం ఒకటి పట్టుకుని, వంద నోటు చాచింది. "క్యాష్ తీసుకోవట్లేదండీ" అన్నాం. ఆవిడ ఏమీ అనకుండా పుస్తకం జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయింది. పుస్తకం ఖరీదు అరవై. నలభై రూపాయల చిల్లర పెట్టుకోవడానికి బద్ధకించి, తెలుగు చదివే ఒక బిడ్డని పోగొట్టుకున్నాం. తెలుగు కోసం పెట్టుకున్న క్లబ్బు మనది!

అందుకని మూడు చిన్న పనులు చేద్దామంటున్నాను. ఒకటి, మన స్టాల్ ఏదైనా సరే, క్యూఆర్ పక్కన ఒక చిల్లర డబ్బా ఉండాలి. రెండోది, ఇంట్లో గానీ తోటలో గానీ ఎవరికైనా పని డబ్బులు మన ఫోన్ నుంచి ఇచ్చేటప్పుడు "మీకెలా కావాలి?" అని ముందు అడగాలి. "మీ అబ్బాయి నంబరు చెప్పు" అనేది ఆ తర్వాత, వాళ్ళంతట వాళ్ళు చెప్తేనే. మూడోది, పర్సులో ఎప్పుడూ ఒక ఐదు వందలు యాభైలుగా, వందలుగా ఉంచుకోండి. తుఫానుకీ, పెండింగ్‌కీ, ఎగ్ పఫ్‌కీ.

"ఆవిడకే ఒక ఖాతా, ఒక ఫోన్ ఉంటే అయిపోతుంది కదా" అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. నేనూ అనుకున్నాను. అడిగాను. మామ్మకి ఖాతా ఉంది, ఉపాధి హామీ డబ్బులు అందులోనే పడతాయి. కానీ దానికి కట్టిన నంబరు కొడుకుది, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా మామూలు బటన్ ఫోన్‌తో పంపుకునే యూపీఐ 123పే 2022లోనే వచ్చింది. దాని గురించి ఆవిడకి పావుగంట చెప్పాను. అంతా విని, "పిన్ను అంటే ఆ నాలుగంకెలు నేను మర్చిపోతే ఎవర్నడగాలి పాపా?" అంది. నేను నోరు మూసుకున్నాను. ఎవర్ని అడుగుతుందో మా ఇద్దరికీ తెలుసు. టెక్నాలజీ ఉండటం, అది తన చేతిలో ఉండటం రెండూ ఒకటి కాదు. ఎప్పటికైనా మనలో ఎవరైనా ఇలాంటి యాప్ తయారుచేసే కంపెనీలో చేరితే, టెస్ట్ కేసుల్లో మామ్మని కూడా పెట్టండి.

జూన్‌లో ఆఖరి కోత అయింది. ఈసారి ముందురోజే నూజివీడు వెళ్ళి బ్యాంకులో విత్‌డ్రా ఫారం నింపి డబ్బు తెచ్చాను. మూడు వంతుల మంది ఫోన్లోనే పంపమన్నారు, పంపాను. మామ్మ వంతు వచ్చింది. ఐదు రోజులు, రెండు వేలు. "ఎలా ఇమ్మంటావు మామ్మా?" అని అడిగాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. డబ్బులు ఎలా కావాలని ఆవిడని ఎవరూ అడిగినట్టు లేదు. కాసేపు లెక్క వేసుకుని చెప్పింది. "వెయ్యి ఆడికి పంపు పాపా, మనవరాలి పుస్తకాలు కొంటాడు, నేనే చెప్పా. మిగతాది చేతికియ్యి."

వెయ్యి పంపాను, వెయ్యి ఇచ్చాను. ఆవిడ వేలు తడి చేసుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. అందులో ఒక వంద నోటు మూల చిరిగి ఉంది. దాన్ని తీసి నాకు వెనక్కిచ్చి, "ఇది మార్చియ్యి" అంది.